డ్రమ్ములోని కానుగ కొమ్మ

ఘాట్ రోడ్డు మీద బస్సు నడపడం నేర్చుకునే కుర్రవాళ్లకు శిక్షణ తరగతిలో నా గురించి ఒక కథ చెబుతారని ఈ మధ్యే తెలిసింది. పొగమంచులో, సగం తెగిపోయిన రోడ్డు మీద, ఎదురుగా వచ్చిన బస్సుకు దారి ఇవ్వడానికి ఒక డ్రైవరు తన బస్సును ఒంటిచేత్తో వెనక్కి దించి అందరినీ కాపాడాడట. పైన కాపలా ఉన్న కూలీ నిర్లక్ష్యంగా బండ్లు వదలడం వల్లే ఆ గండం వచ్చిందట. ఆ డ్రైవరు నేనే. కథలో బస్సు నిజం, పొగమంచు నిజం, రోడ్డు తెగడం నిజం. ఒంటిచేత్తో అన్నదీ, కూలీ నిర్లక్ష్యం అన్నదీ అబద్ధం. అవి నేను చెప్పినవే. మీరు ఆ తరగతిలో కూర్చుని ఉంటే, ఇది కూడా చదవండి.

తొంభైల చివరి మాట. తిరుపతి నుంచి హార్స్‌లీ కొండకు పోయే బస్సు నాకు వేశారు. మా డిపో డ్రైవర్లంతా తిరుమల ఘాట్‌లో చేయి తిరిగినవాళ్లు. అక్కడ ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకో దారి. ఎంత మలుపు తిరిగినా ఎదురుగా ఎవరూ రారు. హార్స్‌లీలో అట్లా కాదు. ఒకే రోడ్డు. ఎక్కేవాడూ దిగేవాడూ దాని మీదే. పైగా నేను సత్యవేడు పక్క పల్లెవాణ్ణి. మా ఊళ్లో ఎత్తయిన చోటంటే పొలం గట్టే. ఈ కొండ మలుపులు తిరిగేటప్పుడు ఎడమ పక్క అద్దంలో రోడ్డు అంచు, దాని కింద చెట్ల తలలు కనిపించేవి. నా అరచేతులు తడిసి స్టీరింగు జారేది. చొక్కాకు తుడుచుకుంటూ నడిపేవాణ్ణి.

ఆ సంగతి మా కండక్టరు ఒక్కడికే తెలుసు. నాకన్నా పదేళ్లు పెద్ద, పీలేరు వైపు మనిషి, నోరు ఊరుకునేది కాదు. ప్యాసింజర్లు కిటికీల్లోంచి కొండలను చూసి మురిసిపోతుంటే నా పక్కకు వచ్చి మెల్లిగా అనేవాడు. "నువ్వు సూడొద్దులేప్పా. టిక్కెట్టు కొన్నది వాళ్లు, వాళ్లే సూసుకుంటారు." వెక్కిరింతే అయినా, ఆ మాట వింటే నాకు కాస్త ఊపిరాడేది.

ఆ ఏడాది కార్తీకంలో తుఫాను వానలకు కొండ రోడ్డు ఒకచోట తెగింది. ఎక్కేటప్పుడు ఎడమ వైపు, అంటే లోయ వైపు, రోడ్డు సగం జారిపోయింది. మిగిలిన సగంలో ఒక బస్సు పడుతుంది, అంతే. బాగుచేసే కాంట్రాక్టరు కింద ఒక మనిషిని, పైన ఒక మనిషిని పెట్టాడు. కింది బండ్లు కొన్ని ఎక్కాక పైవి కొన్ని దిగాలి. ఇద్దరి మధ్యా మలుపులు, మంచు. ఒకరికొకరు కనపడరు, వినపడరు. అప్పట్లో సెల్‌ఫోన్లు మా వంటివాళ్ల దగ్గర ఎక్కడివి. అందుకని వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. గుంపులో అన్నిటికన్నా వెనకున్న బండికి ఒక కానుగ కొమ్మ ఇస్తారు. అది వైపరు కింద దోపుకొని పోవాలి. అవతలి కొసన ఒక ఖాళీ తారుడ్రమ్ము ఉంటుంది. కొమ్మ అందులో పడిందంటే దారిలో ఇంకెవరూ లేరని లెక్క. అప్పుడు ఆ వైపు బండ్లను వదిలి, చివరి బండికి అదే కొమ్మ ఇచ్చి పంపుతారు. ఆకులు వాడిపోతే పాతది పారేసి కొత్తది విరుచుకునేవాళ్లు.

చదువుకున్నవాళ్లు చూసి నవ్వేవాళ్లు గానీ, ఆ పద్ధతిలో లోపం లేదు. కొమ్మ ఎక్కడుంటే అక్కడ ఆఖరి బండి ఉన్నట్టు. అంతకన్నా తెలుసుకోవాల్సింది ఏమీ లేదు.

పైన ఉండే కూలీకి పాతికేళ్లు ఉంటాయేమో. బక్కపలచని మనిషి. గోనెసంచి తలకు కప్పుకొని డ్రమ్ము పక్కనే నిలబడేవాడు. బస్సు పోయేటప్పుడు నాకు చేయి ఎత్తేవాడు, నేను హారన్ కొట్టేవాణ్ణి. మా పరిచయం అంతే.

ఆ రోజు మధ్యాహ్నం మేము కొండ కిందకు చేరేసరికే మంచు దిగింది. ముందు రెండు కార్లు, ఒక జీపు పోయాయి. చివర మా బస్సు. కింది మనిషి కొమ్మ ఇచ్చాడు, నేను వైపరు కింద దోపాను. తెగిన చోటుకు ఇంకొక్క మలుపు ఉందనగా రేడియేటరు ఆవిర్లు కక్కింది. మలుపు దగ్గర కొంచెం వెడల్పుంటే అక్కడ ఆపాను. కండక్టరు చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. ఇంజను చల్లారాలి, నీళ్లు పోయాలి. ఎంతలేదన్నా అరగంట.

ఆగిన బస్సులో కూర్చుంటే నా భయం పెరిగింది. పైన టూరిస్టులు కాచుకొని ఉంటారు. కొమ్మ రాలేదని ఆ కూలీ ఎంతసేపు ఆపగలడు? అరిచి, బెదిరించి తోసుకొని వచ్చేస్తారేమో. ఆ ఇరుకులో ఎదురుపడితే? ఇదే తలలో తిరుగుతోంది. అంతలో వెనకనుంచి ఒక మోపెడ్డు వచ్చింది. పైన హోటళ్లకు పాలు పోసే మనిషి. పక్కనుంచి దూరిపోతాయని మోపెడ్లను ఎవరూ ఆపేవాళ్లు కాదు. నేను చేయి అడ్డం పెట్టి ఆపాను. బస్సు నిలిచిపోయింది, ఎవరినీ వదలొద్దని పైనున్న మనిషికి చెప్పమన్నాను. చెప్పి ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. పాలవాడి నోటి మాట ఆ కూలీ నమ్ముతాడా, ఆ టూరిస్టులు నమ్ముతారా అనిపించింది. నేనే పంపినట్టు రుజువు ఉండాలనుకున్నాను. వైపరు కింది కొమ్మ తీసి పాలవాడి చేతికిచ్చాను. దీన్ని చూపించి చెప్పు అన్నాను.

కండక్టరు నీళ్ల డబ్బాతో వస్తూ చూశాడు. "కొమ్మ ఇయ్యొద్దప్పా. అది మనతోనే పైకి పోవల్ల," అన్నాడు.

"మాట నమ్మరన్నా. ఇది సూస్తే నమ్ముతారు."

"ఇది సూస్తే ఏం నమ్ముతారో ఆలోచన సేసినావా?"

పాలవాడు అప్పటికే కొమ్మను క్యాను మూతకింద దోపుకొని మంచులో కలిసిపోయాడు. కండక్టరు ఇంకోసారి నా ముఖం చూసి, రేడియేటరులో నీళ్లు పోయడానికి పోయాడు. నాకు అప్పుడైనా తట్టాలి. తట్టలేదు. భయపడ్డవాడికి తాను చేసిన జాగ్రత్తే గొప్పగా కనిపిస్తుంది.

పైన ఏం జరిగిందో తర్వాత పాలవాడు చెబితే తెలిసింది. పాలవాడు చేరేసరికి కూలీ చుట్టూ టూరిస్టులు మూగి అరుస్తున్నారు. చెప్పడానికి సందు దొరకలేదు, పాలు ఆలస్యమవుతున్నాయి. అందరూ వేసినట్టే కొమ్మను డ్రమ్ములో వేసి, ఒకరిద్దరితో ఏదో అని వెళ్లిపోయాడు. కూలీ తల తిప్పి చూస్తే డ్రమ్ములో కొమ్మ ఉంది. బండ్లు వదిలాడు.

మేము ఇంజను చల్లారాక బయల్దేరాం. కొమ్మ పైకి పంపాను, వాళ్లు ఆపి ఉంచుతారన్న ధైర్యంతో తెగిన చోటులోకి బస్సును పోనిచ్చాను. సున్నం కొట్టిన రాళ్లు అంచున వరసగా పెట్టారు. మంచులో రెండు రాళ్లు కనిపిస్తే మూడోది కనపడదు. సగం దూరం పోయాక ఎదురుగా రెండు పసుపు దీపాలు కనిపించాయి. మొదట అవి ఆగి ఉన్నాయనుకున్నాను. అవి పెద్దవయ్యాయి. బ్రేకు తొక్కాను. ఎదుటివాడూ తొక్కాడు. రెండు బస్సుల మధ్య ఒక మనిషి అడ్డంగా పడుకునేంత చోటు మిగిలింది.

బెంగుళూరు వైపు నుంచి వచ్చిన టూరిస్టు బస్సు. డ్రైవరు కుర్రవాడు. ఎక్కే బండికి దారి ఇవ్వాలి కాబట్టి అతనే వెనక్కి పోవాలి. ప్రయత్నించాడు. వెనక చక్రాలు బంకమట్టిలో గిర్రున తిరిగాయి. బస్సు వెనక్కి పోకపోగా ముందుకు జారి మా బంపరును ముట్టుకుంది. ఆ చిన్న తాకుడుకే మా బస్సులో అందరూ లేచి నిలబడ్డారు. అతను హ్యాండ్‌బ్రేకు లాగి, రెండు చేతులూ ఎత్తి నావైపు చూశాడు. ఇంక తన వల్ల కాదని.

నేనే వెనక్కి దిగాలి. బస్సు తలుపు లోయ వైపు ఉంది. తెరిస్తే మెట్టు కింద నేల లేదు. నా పక్కనున్న డ్రైవరు తలుపు ఒక్కటే కొండ వైపు. ఇంజను బానెట్టు మీదుగా పాకి, నా సీటు దాటి, వయసులో ఉన్నవాళ్లు కొందరు దిగారు. చంటిబిడ్డతో ఒక తల్లి, మోకాళ్లు వాచిన ఒక అవ్వ, ఇంకా నలుగురైదుగురు దిగలేకపోయారు. అంతలో వెనక ఎడమ చక్రం కిందనుంచి మట్టి రాలిన చప్పుడు వినిపించింది. ఇంక ఎవరినీ దించే వ్యవధి లేదని కండక్టరు చెప్పి, నా తలుపులోంచి దిగి వెనక్కి పోయాడు.

విజిలు వరసగా కొడితే రావచ్చు. ఒక్కటే పొడుగ్గా కొడితే ఆగాలి. మీకూ ఇదే నేర్పుతారు. అద్దంలో నాకు తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. వెనక ఎడమ చక్రం ఎక్కడుందో నేను చూడలేను. కనపడేదల్లా అతనికే. నాకు వినపడేది విజిలు. చంటిబిడ్డ ఏడుస్తోంది. విజిలు వస్తోంది, నేను పోతున్నాను. విజిలు వస్తోంది, నేను పోతున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయింది.

పొడుగు విజిలు లేదు. అసలేమీ లేదు.

బ్రేకు మీద రెండు కాళ్లూ పెట్టాను. పిలిచాను. పలకలేదు. అవ్వ వెనకనుంచి, "ఏమాయనో సూడు నాయనా," అంది. ఎట్లా చూడను. కాలు తీస్తే బస్సు పోతుంది. అతని మీదికే ఎక్కించానేమో అన్న ఆలోచన వచ్చింది. ఇంకోసారి గట్టిగా పిలిచాను.

అప్పుడు కిందనుంచి, నేల లోపలినుంచి వచ్చినట్టు, గొంతు వినిపించింది. "బండి ఆపినావా?"

"ఆపినానన్నా. యాడుండావు?"

"నీ ఎనక సక్రం కింద. అంచు జారింది. ముళ్లపొదలో పడుండా. కాలు ఇరిగినట్టుండాది. నువ్వు దిగొద్దు."

"లాగేదానికి ఎవుర్నన్నా పిలుస్తా."

"ఆడ ఎవురు నిలబడినా మన్ను జారుతుంది. నువ్వు బండి తియ్యి ముందు. ఈడికి సక్రం బాగా కనపడతాండాది. నా నెత్తి మిందనే ఉండాది కదా."

చివరి మాట నవ్వుతూ అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. విజిలు పడిపోయిందట. అక్కడి నుంచి గొంతుతోనే చెప్పాడు. కుడికి కొట్టమన్నాడు. వెనక భాగం కొండ వైపు జరగాలంటే ముందు భాగం లోయ వైపు ఊగుతుంది. ఎడమ పక్క సున్నం రాయి ఒకటి బస్సు ముక్కు కింద మాయమైంది. కొట్టలేనన్నాను. "కొట్టు. ముందర సక్రానికి చోటుండాది, ఎనక దానికి ల్యా," అన్నాడు. కొట్టాను. "ఇంగా. ఇంగా. చాలు. ఇప్పుడు మెల్లిగా వదులు." ప్రతి మాట తర్వాతా మట్టిపెళ్లలు రాలడం, అవి అతని మీద పడ్డప్పుడు అతను దగ్గడం నాకు వినిపించేది. చక్రం అతన్ని దాటి పోయేదాకా అట్లాగే చెప్పాడు. తర్వాత కొంతదూరం రోడ్డు వెడల్పుగా ఉంది. దిగిన ప్యాసింజర్లు కొండను ఆనుకొని నడుస్తూ చేతులు ఊపి, మలుపు దాకా తెచ్చారు.

బస్సు ఆగాక గేరు రాడ్డు నుంచి నా చేయి రాలేదు. అవ్వ వచ్చి ఒక్కొక్క వేలూ విడదీసింది. టాపు మీద సామాన్లు కట్టే తాడు దించి కండక్టరును పైకి లాగారు. మోకాలి కింద కాలు పక్కకు తిరిగిపోయి ఉంది.

ఇక్కడిదాకా నేను భయస్థుణ్ణి మాత్రమే. రెండ్రోజుల తర్వాత విచారణ జరిగింది. రోడ్ల శాఖ వాళ్లు, మా డిపో వాళ్లు కూర్చున్నారు. కండక్టరు ఆస్పత్రిలో ఉన్నాడు. కూలీని నా పక్కనే నిలబెట్టారు. పెదవి చిట్లి ఉంది. టూరిస్టు బస్సు వాళ్లు కొట్టారట. డ్రమ్ములో పచ్చని కొమ్మ చూశాకే వదిలానని అతను చెప్పాడు. ఒక అధికారి నావైపు తిరిగి, మీ కొమ్మ ఏమైందని అడిగాడు.

చూడండి, ఆ ఒక్క ప్రశ్నకు ఒక్క మాట చాలు. నాకు కొత్తగా పెళ్లయింది. ఉద్యోగం పర్మనెంటు కావాల్సి ఉంది. అయినా కారణం అది కాదు. ఆ గదిలో అందరూ నన్ను మెచ్చుకోలుగా చూస్తున్నారు. కొండంటే చేతులు తడిసేవాణ్ణి ఘాట్‌లో మొనగాడంటున్నారు. ఆ చూపులు పోతాయని భయపడ్డాను.

"బస్సుకే ఉండింది సార్. ఎనక్కి దించేటప్పుడు యాడో పడిపోయింది," అన్నాను.

అధికారి కూలీతో, కొండ మీద కొమ్మలకు కొదవా, అంతకుముందే పారేయాల్సిన పాత కొమ్మను చూసి వదిలేసి ఉంటావు అన్నాడు. కూలీ వెంటనే కాదనలేదు. నేల చూస్తూ ఆలోచించాడు. ఆ ఆలోచించడమే అతని తప్పుకు సాక్ష్యమైంది. అదే రోజు పని నుంచి తీసేశారు. పాలవాణ్ణి ఎవరూ పిలవలేదు. తనంతట తాను రాలేదు.

కండక్టరును చూడడానికి ఆస్పత్రికి పోయి నేను చెప్పింది చెప్పాను. "నన్ను అడిగితే ఉన్నది చెప్తా. అడక్కుంటే నీ ఇష్టం," అన్నాడు. ఎవరూ అడగలేదు. కాలు బాగయ్యాక అతను నాతో డ్యూటీ వేయించుకోలేదు. డిపోలో ఎదురైతే ఇంట్లోవాళ్ల బాగోగులు అడిగేవాడు, అంతే. కొన్నేళ్లకు జబ్బు చేసి పోయాడు. విచారణ అయ్యాక నాకు సన్మానం చేసినప్పుడు శాలువా అతను పొదలోనుంచి అరిచిన గొంతుకు కప్పాల్సింది. నా భుజాల మీద కప్పారు. నేను వేదిక మీద మాట్లాడుతూ కండక్టరు సహకరించాడు అన్నాను. సహకరించాడట.

కొండ డ్యూటీ మళ్లీ చేయలేకపోయాను. గూడూరు వైపు చదును రోడ్లు అడిగి వేయించుకున్నాను. కొన్నేళ్ల తర్వాత అక్కడ బస్టాండు దగ్గర ఒకరోజు నిమ్మకాయల మూటలు దించే మనిషి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆ కూలీనే. నేను పారిపోవాలనుకున్నాను. అతను నా చేతులు పట్టుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు ల్యాకుంటే అంతమంది ఉసురు నాకు తగిలుండునన్నా," అన్నాడు. పాత కొమ్మే చూసుంటానని అతనికి నమ్మకం కుదిరిపోయింది. అది పారేశానా లేదా అని ఎన్నిసార్లు తలచుకున్నా గుర్తు రాలేదట. వద్దన్నా వినకుండా సంచిలో నిమ్మకాయలు పోసిచ్చాడు. నేను తీసుకున్నాను. బస్సు టైమైందని చెప్పి ఎక్కేశాను.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ బస్టాండులో దిగకుండా, సీట్లోనే టీ తెప్పించుకొని తాగాను. వెన్నునొప్పి సాకుగా ముందే ఉద్యోగం వదిలాక, శిక్షణ తరగతి కథ సంగతి విన్నాక, ఇంక నిద్ర పట్టక గూడూరు పోయాను. నిమ్మకాయల మండీలో అడిగితే ఇల్లు చూపించారు. ఒక గది, ముందు రేకుల పంచ. అతని భార్య ఉంది. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పని వస్తే అతను పోలేదని ఆమె నాకు మంచినీళ్లిస్తూనే చెప్పింది. గేటు తీయాలంటే చేయి రాదట. ఎదురుగా బండి ఉంటే, వదలనా వద్దా అని చెమటలు పోస్తాయట. మూటలు మొయ్యడమే మేలన్నాడట.

అతను వచ్చి నన్ను చూసి సంబరపడ్డాడు. కూర్చోమన్నాను. అన్నీ చెప్పాను. రేడియేటరు, మోపెడ్డు, కొమ్మను నా చేత్తో ఇవ్వడం, కండక్టరు వద్దనడం, విచారణలో నేనన్న మాట. డ్రమ్ములో నువ్వు చూసింది పచ్చి కొమ్మే, అది నేను పంపిందే అన్నాను. నన్ను తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకునే వచ్చాను.

అతను తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. భార్య గోడకు ఆనుకొని నిలబడి ఉంది. "ఇన్యావా?" అని అడిగింది అతన్ని.

"ఇన్యా," అన్నాడు. తలెత్తాడు. ముఖంలో కోపం లేదు, నమ్మకమూ లేదు. "పచ్చి కొమ్మేనా?"

"పచ్చిదే."

"నేను పాతది పారేసినట్టేనా అయితే?"

"పారేసినావు."

అతను భార్యను నా ఎదురుగా కూర్చోమన్నాడు. పక్కింటివాళ్లను కూడా పిలవమన్నాడు. వాళ్లు వచ్చి పంచలో సర్దుకున్నాక నావైపు తిరిగాడు.

"ఇంగోతూరి సెప్పన్నా. మొదట్నుంచి."

చెప్పాను.